కచేరీ గ్రాండ్ పియానోను శాంపిల్ లైబ్రరీ కోసం రికార్డు చేయడం: మూడు రాత్రుల ప్రణాళికపై సలహాలు కావాలి

తొలిమెట్టు (చర్చ ప్రారంభం)

మిత్రులందరికీ నమస్కారం. 274 సెంటీమీటర్ల పొడవున్న ఒక కచేరీ గ్రాండ్ పియానోను శాంపిల్ లైబ్రరీగా, అంటే ఒక్కొక్క స్వరాన్ని విడిగా రికార్డు చేసి కంప్యూటర్‌లో వాయించుకునే వాద్యంగా, మలచే అవకాశం నాకు దొరికింది. వాద్యం ఒక సభామందిరంలో ఉంది. వరుసగా మూడు రాత్రులు, రాత్రికి ఆరేసి గంటల చొప్పున, మందిరాన్ని మాకు అప్పగిస్తారు. ఆ తరువాత ఆ పియానో మళ్ళీ మా చేతికి రాదు కనుక, లోపలికి అడుగు పెట్టకముందే ప్రణాళికను మీ అందరి ముందు ఉంచి సరిచూసుకోవాలని అనుకుంటున్నాను.

నా లెక్క ఇది. మెట్లు 88. ఒక్కొక్క మెట్టుకు అతి మృదువైన నొక్కు నుంచి అతి తీవ్రమైన నొక్కు వరకు 16 స్థాయిలు, అంటే మొత్తం 1,408 నొక్కులు. ఒక్కొక్క స్వరం సగటున 20 సెకన్లు మోగుతుందనుకుంటే 7 గంటల 50 నిమిషాలు పడుతుంది. సస్టెయిన్ పెడల్ (మెట్టు వదిలినా స్వరం ఆగకుండా ఉంచేది) తొక్కి ఉంచి ఇదంతా మరోసారి చేస్తే 15 గంటల 40 నిమిషాలవుతుంది. మిగిలిన రెండు గంటల పైచిలుకులో రిలీజ్ ధ్వనులు (మెట్టు వదిలినప్పుడు వచ్చేవి), పెడల్ చప్పుళ్ళు తీసుకుంటాము. మైకులు మూడు జతలు: సుత్తులకు ఎగువన ఒకటి, మూత తెరచిన వైపు ఒకటి, మందిరంలో దూరంగా ఒకటి. 96 కిలోహెర్ట్జ్, 24 బిట్లలో ఆరు ఛానళ్ళకు గంటకు సుమారు 6.2 గిగాబైట్లు చాలు కనుక నిల్వ గురించి దిగులు లేదు.

మెట్లను ఏ క్రమంలో నొక్కాలి, పెడల్ తొక్కి వేరుగా రికార్డు చేయడం నిజంగా అవసరమా, 16 స్థాయిలను చేతితో నిలకడగా రాబట్టడం సాధ్యమా అన్నవి నా ప్రధాన సందేహాలు.

మంద్రతంత్రి

మీ సగటు లెక్క మొత్తం మీద పెద్దగా తప్పదు కాని, అది అసలు ఇబ్బందిని దాచేస్తున్నది. 27.5 హెర్ట్జ్ దగ్గర మొదలయ్యే అడుగు తంత్రులను గట్టిగా నొక్కితే 40 సెకన్లు దాటినా మోగుతూనే ఉంటాయి. 4,186 హెర్ట్జ్ దగ్గర ముగిసే పై కొసన ఉన్న మెట్లు రెండు మూడు సెకన్లలో ఆరిపోతాయి. అడుగున 24 మెట్లకు 40 సెకన్లు, నడుమ 40 మెట్లకు 20 సెకన్లు, పైన 24 మెట్లకు 6 సెకన్లు వేసి చూడండి. ఒక్కొక్క స్థాయికి 1,904 సెకన్లు, పదహారింటికి ఎనిమిదిన్నర గంటలు అవుతాయి. దానికి తోడు, ఒక స్వరం పూర్తిగా ఆరిపోయాక తరువాతి నొక్కుకు ముందు ఐదు సెకన్ల నిశ్శబ్దమైనా ఉండాలి. ఆ ఐదేసి సెకన్లే 1,408 నొక్కులకు రెండు గంటలకు దగ్గరవుతాయి. అంటే పెడల్ లేని ఒక్క విడతకే పదిన్నర గంటలు పోతాయి. అందులో పొరపాటున కుర్చీ కిర్రుమంటే మళ్ళీ నొక్కే వ్యవధి లేదు, శ్రుతి సరిచేసే వ్యవధి అంతకన్నా లేదు.

క్రమం విషయంలో నా అభిప్రాయం స్పష్టం. ఒక మెట్టుకు సంబంధించిన అన్ని స్థాయిలను వెంటవెంటనే ముగించి తరువాతి మెట్టుకు వెళ్ళండి. మృదువైన స్థాయిని మొదటి రాత్రి, తీవ్రమైన స్థాయిని మూడో రాత్రి తీస్తే, వాయించేవారు స్వరాన్ని క్రమంగా పెంచుతున్నప్పుడు ఒక పొర నుంచి మరో పొరకు మారే చోట శ్రుతి కదిలినట్లు వినిపిస్తుంది, దాన్ని ఎడిటింగులో సరిచేయలేము. మెట్ల వరుసలో మాత్రం మూడేసి అర్ధస్వరాలకు, అంటే మూడేసి మెట్లకు, ఒకటి చొప్పున ముందు ముగించండి. అడుగు మెట్టు నుంచి పై కొస వరకు అలా వెళ్తే సరిగ్గా 30 మెట్లు వస్తాయి. ఏ కారణం చేతనైనా పని ఆగిపోయినా, ఆ ముప్ఫైతోనే ఒక వాడదగిన వాద్యం మిగులుతుంది. ఉచితంగా దొరికే సాలమాండర్ గ్రాండ్ పియానో లైబ్రరీని యమహా సీ5 మీద 16 స్థాయిలలో ఈ మూడేసి అర్ధస్వరాల పద్ధతిలోనే రికార్డు చేశారు. ఎంతోమంది దాన్ని తృప్తిగా వాడుతున్నారు.

నిశ్శబ్దరాత్రి

పై ఇద్దరూ కాలాన్ని లెక్కపెట్టారు, రొదను లెక్కపెట్టలేదు. శాంపిల్ లైబ్రరీ విషయంలో నేను అన్నిటికన్నా ముందు చెప్పేది ఇదే.

మామూలు కచేరీ రికార్డింగులో మందిరపు రొద ఒక్కసారే పడుతుంది, పది స్వరాలు కలిసి మోగినా రొద ఒక్కటే. శాంపిల్ లైబ్రరీలో ప్రతి స్వరమూ తన వెంట తన రొదను తెచ్చుకుంటుంది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రొదలు కలిసినప్పుడు, వాటి సంఖ్య రెట్టింపైన ప్రతిసారీ 3 డెసిబెళ్ళు పెరుగుతుంది. పదహారు స్వరాలు మోగుతుంటే 12 డెసిబెళ్ళు, పెడల్ తొక్కి పరుగులు వాయిస్తూ 64 స్వరాలు ఒకేసారి మోగుతుంటే 18 డెసిబెళ్ళు. మూడు జతల మైకులనూ సమాన స్థాయిలో కలిపితే మరో 5 డెసిబెళ్ళ వరకు తోడవుతుంది. ఒక్క స్వరాన్ని విడిగా విన్నప్పుడు మీకు అసలే వినబడని రొద, ఒక నెమ్మదైన రచన నడుమ పెడల్ వదలగానే టక్కున ఆగిపోయి, అది ఉండినదని వినేవారికి తెలిసిపోతుంది. రొద ఉండడం కన్నా అది స్వరాలతో పాటు లేస్తూ పడుతూ ఉండడమే చెవికి ఎక్కువ బాధ.

కనుక మైకును ఎన్నుకునేటప్పుడు దాని స్వరూప స్వభావాల కన్నా ముందు దాని స్వంత రొదను చూడండి. చిన్న డయాఫ్రమ్ (ధ్వనికి కంపించే పలుచని పొర) మైకుల్లో ఎంతో పేరున్న న్యూమన్ కేఎం 184 స్వంత రొద 13 డెసిబెళ్ళు. అదే సంస్థ వారి పెద్ద డయాఫ్రమ్ మైకు టీఎల్ఎం 103 కు 7 మాత్రమే. కచేరీ రికార్డింగులో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ మాత్రం ఆ ఆరు డెసిబెళ్ళు లైబ్రరీ జీవితాంతం వెంట ఉంటాయి. దూరపు మైకు జత విషయంలో మరింత జాగ్రత్త అవసరం, ఎందుకంటే అక్కడ పియానో చిన్నబోతుంది, రొద చిన్నబోదు.

ఇంకొక మాట. మొత్తం పనికి గెయిన్‌ను (మైకు సంకేతాన్ని పెంచే కొలతను) ఒకే చోట నిలిపి ఉంచండి. మృదువైన నొక్కులు తక్కువ స్థాయిలో పడుతున్నాయని గెయిన్ పెంచడం, తరువాత వాటిని నార్మలైజ్ చేయడం (అన్నిటినీ ఒకే బలానికి పెంచడం) రెండూ వద్దు. 24 బిట్లలో వాటికి కావలసినంత చోటు ఉంది. అతి తీవ్రమైన నొక్కుకు కొంత ఖాళీ మిగిల్చి గెయిన్ పెట్టి, ఆ మీటను టేపుతో కదలకుండా అతికించేయండి.

శ్రుతికర్త

నేను పియానోలకు శ్రుతి చేసే వృత్తిలో ఉన్నాను, అందుచేత నా మాట కొంత పొడవుగా ఉంటే మన్నించండి.

పియానోలో సుమారు 230 తంత్రులు ఉంటాయి. అట్టడుగున మెట్టుకు ఒకటి, ఆ పైన రెండు, మిగిలిన అత్యధిక భాగంలో మూడు. మూడు తంత్రుల స్వరం ఒకే స్వరంగా వినిపించడం మీద ఈ పని అంతా ఆధారపడి ఉంది. 1977లో గాబ్రియేల్ వైన్‌రైక్ అనే భౌతిక శాస్త్రవేత్త చూపిన విషయం ఇది: సుత్తి తగలగానే మూడు తంత్రులూ కలిసి ఒకే దిశలో కదులుతాయి, అప్పుడు శక్తి, తంత్రులు ఆనుకుని ఉండే బ్రిడ్జి గుండా, ధ్వనిని గాలిలోకి పంపే కర్ర పలక అయిన సౌండ్‌బోర్డుకు వేగంగా వెళ్ళిపోతుంది. కొంతసేపటికి వాటి కదలికలు ఒకదానికొకటి ఎదురుతిరుగుతాయి, అప్పటి నుంచి శక్తి మెల్లగా కారుతుంది. పియానో స్వరం మొదట చకచకా తగ్గి, తరువాత పొడవైన తోకగా మిగలడానికి ఇదొక ముఖ్యమైన కారణం. ఆ మూడు తంత్రుల మధ్య ఉన్న అతి స్వల్పమైన తేడా ఆ తోక రూపాన్నే నిర్ణయిస్తుంది. కచేరీలో ఒక స్వరం రవ్వంత కదిలితే అది మరుక్షణం దాటిపోతుంది. లైబ్రరీలో అదే స్వరం వేలాది మంది చేతుల్లో, ప్రతిసారీ అదే తప్పుతో, తంత్రుల తేడా వల్ల పుట్టే అదే ఊగిసలాటతో మోగుతుంది.

నిశ్శబ్దరాత్రి గారు కోరే నిశ్శబ్దం కోసం ఏసీని ఆపివేస్తారు కదా, అక్కడే శ్రుతికి చిక్కు వస్తుంది. గాలిలో తేమ పెరిగితే సౌండ్‌బోర్డు కర్ర ఉబ్బి తంత్రులను పైకి నెడుతుంది, శ్రుతి పెరుగుతుంది. ఈ మార్పు నడిమి మెట్లలో ఎక్కువగా తెలుస్తుంది. వేదిక మీది దీపాల వేడి తగిలితే ఉక్కు తంత్రులు వెంటనే సడలి శ్రుతి దిగుతుంది. కనుక ఏసీని రికార్డింగు మొదలయ్యే నిమిషంలో కాక కనీసం రెండు మూడు గంటల ముందే ఆపించి, గది తన స్థితికి చేరాక శ్రుతి చేయించండి. వేదిక దీపాలు వద్దు. ఒక చిన్న దీపం మెట్ల మీద పడితే చాలు.

శ్రుతి చేసేవారు మొదట్లో వచ్చి వెళ్ళిపోవడం కాదు, మూడు రాత్రులూ మీతోనే ఉండాలి. ప్రతి మెట్టును నొక్కబోయే ముందు దాని మూడు తంత్రుల కలయికను ఒకసారి విని అవసరమైతే సరిచేయాలి. దీనికి మెట్టుకు ఒకటి రెండు నిమిషాలు పడుతుంది. ఒక మెట్టు స్థాయిలను మృదువు నుంచి తీవ్రానికే తీసుకోండి, ఎన్నడూ తిరగవేయవద్దు. తంత్రుల కలయికను ఎక్కువగా చెడగొట్టేవి ఆ చివరి మూడు నాలుగు తీవ్రమైన నొక్కులే. వాటిని ముందు కొడితే, ఆ తరువాత వచ్చే మృదువైన స్వరాలన్నీ చెడిన శ్రుతిలో పడతాయి.

సుత్తుల ఉన్నిని సూదితో సవరించే పని కూడా రికార్డింగుకు ఒకటి రెండు రోజుల ముందే పూర్తి కావాలి. రికార్డింగు మొదలయ్యాక సూది పట్టుకున్నారంటే నిన్నటి మెట్టు వేరు, నేటి మెట్టు వేరు అవుతుంది. నోట్ల పుస్తకం పెట్టే బల్లను తీసివేయండి. గట్టి నొక్కులకు జీరగా మోగేది చాలాసార్లు అదే.

యంత్రవాదకుడు

మనిషి చేతిని పక్కన పెట్టి, తనంతట తానే వాయించే ఏర్పాటు ఉన్న పియానోను ఎంచుకోవచ్చు కదా? యమహా డిస్క్‌లావియర్, స్టెయిన్‌వే స్పిరియో వంటివి పంపిన వెలాసిటీ (నొక్కు బలం) విలువను బట్టి మెట్టును నొక్కుతాయి. గదిలో ఎవరూ ఉండనక్కరలేదు, ఊపిరి వినబడదు, బట్టల సవ్వడి ఉండదు, అలసట అసలే లేదు. 16 స్థాయిలనూ 88 మెట్ల మీదా ఒకే కొలతతో రాబట్టవచ్చు.

మంద్రతంత్రి

యంత్రవాదకుడు గారి మాట సగం వరకు ఒప్పుకుంటాను. అటువంటి ఏర్పాట్లు అతి మృదువైన అంచున తడబడతాయి. కొన్ని మెట్లు మోగుతాయి, పక్కవి మోగవు. పైగా మెట్లను కదిలించే విద్యుదయస్కాంతాల (సోలినాయిడ్ల) చప్పుడు దగ్గరి మైకుల్లో పడుతుంది. ఆ స్థాయిలోనే పియానో అందం ఉంది కనుక దాన్ని వదులుకోవడానికి నా మనసు ఒప్పదు. ఎలాగూ తొలిమెట్టు గారికి ఉన్నది మామూలు వాద్యం. మనిషి చేయాల్సిందల్లా ఇది: సరిగ్గా 16 నొక్కులు కొట్టాలని ప్రయత్నించకుండా, క్రమంగా పెంచుతూ 22 నుంచి 25 నొక్కులు కొట్టాలి, తరువాత ఒక్కొక్కదాని బలాన్ని కొలిచి, సమమైన అంతరాలు గల పదహారింటిని ఏరుకోవాలి. ఎదుట మీటరు పెట్టుకుని, రెండు నొక్కులు ఒకే స్థాయిలో పడితే రెండోదాన్ని వెంటనే డాంపర్‌తో (తంత్రి కంపనాన్ని ఆపే మెత్తతో) ఆపివేస్తే కాలం వృథా కాదు.

తొలిమెట్టు

శ్రుతికర్త గారి మాట చదివాక నా ప్రణాళిక కాగితాన్ని చింపి కొత్తగా మొదలుపెట్టాను. మెట్టుకు రెండు నిమిషాల శ్రుతి అంటేనే 88 మెట్లకు మూడు గంటలు. ఇక 16 స్థాయిలు, పెడల్‌తో రెండో విడత రెండూ నిలిచే అవకాశం లేదు. దేన్ని వదులుకోవాలి?

శబ్దశిల్పి

శాంపిళ్ళను వాద్యంగా కూర్చే ప్రోగ్రామింగు నా పని, కనుక రికార్డింగు తరువాత ఏమి జరుగుతుందన్న వైపు నుంచి జవాబిస్తాను.

పెడల్ తొక్కినప్పుడు డాంపర్లన్నీ లేచి, కొట్టిన తంత్రితో పాటు మిగిలిన తంత్రులన్నీ సన్నగా స్పందిస్తాయి. ఆ స్పందనను రెండు విధాలుగా తేవచ్చు. పెడల్‌తో రికార్డు చేసిన స్వరాలను వాడడం ఒకటి, పెడల్ లేని స్వరాలకు స్పందనను గణించి కలపడం మరొకటి. మొదటిదానిలో నిజాయితీ ఉంది కాని ఒక లోపం కూడా ఉంది. స్వరం మోగుతుండగా మధ్యలో పెడల్ తొక్కితే ఏ శాంపిల్ నుంచి ఏ శాంపిల్‌కు వెళ్ళాలి? రెండింటినీ కలిపి మార్చబోతే అలల దశలు కలవక స్వరం ఒక్క క్షణం బోలుగా వినిపిస్తుంది. అందుకని నా సలహా: పెడల్ విడతను పూర్తిగా వదలవద్దు, 88 మెట్లకు 16 స్థాయిలు మాత్రం తీయవద్దు. మూడేసి అర్ధస్వరాలకు ఒక మెట్టు, నాలుగు స్థాయిలు, అంటే 120 నొక్కులు చాలు. పెడల్ ఉన్న స్వరానికీ లేని స్వరానికీ గల తేడాను వాటి నుంచి నేర్చుకుని, స్పందనను ఒక వేరు పొరగా కలపవచ్చు. పెడల్‌తో అడుగు స్వరాలు ఆరిపోవడానికి ఎంతో సేపు పడుతుంది కనుక మీకు మిగిలే కాలంలో అధిక భాగం ఇక్కడే.

స్థాయిల గురించి కూడా అదే దశల సమస్య. రెండు స్థాయిల శాంపిళ్ళను ఒకదాని మీద ఒకటి కలిపి మారిస్తే, రెండు పియానోలు కలిసి వాయించినట్లు స్వరం పలచబడుతుంది. అందుచేత చాలామందిమి కలపకుండా, వెలాసిటీ విలువను బట్టి ఏదో ఒక శాంపిల్‌నే ఎంచుకుంటాము. మిడిలో (నొక్కులను అంకెలుగా పంపే పద్ధతిలో) 1 నుంచి 127 వరకు ఉన్న విలువలను 16 స్థాయిలకు పంచితే ఒక్కొక్కదానికి ఎనిమిది వస్తాయి, స్థాయిల మధ్య అతుకు దాదాపు వినబడదు. 12 స్థాయిలకు దిగినా నాకు అభ్యంతరం లేదు. ఆ పన్నెండులో ఎక్కువ భాగాన్ని మృదువైన, నడిమి బలాలకు కేటాయించండి, వాయించేవారి చేయి ఎక్కువసేపు ఉండేది అక్కడే. 8 స్థాయిలంటే మాత్రం వద్దంటాను.

రిలీజ్ ధ్వనులకు మీరు అనుకున్న దానికన్నా ఎక్కువ విలువ ఇవ్వండి. మెట్టు వదిలినప్పుడు డాంపర్ తంత్రి మీద పడే ఆ చిన్న ధ్వని లేకపోతే, ఎంత గొప్ప శాంపిలైనా కత్తిరించినట్లు ఆగుతుంది. నొక్కిన వెంటనే వదిలిన స్వరానికీ, పది సెకన్లు పట్టి వదిలిన స్వరానికీ రిలీజ్ ఒకటి కాదు. పట్టిన కాలాన్ని బట్టి రిలీజ్ బలాన్ని తగ్గించేలా నేను ప్రోగ్రాము రాస్తాను. మీరు మెట్టుకు రెండు మూడు బలాలలో, అర సెకను పట్టి వదిలినవి తెస్తే చాలు. పై కొసన సుమారు ఇరవై మెట్లకు డాంపర్లే ఉండవు, అక్కడ మెట్టు పైకి లేచే చప్పుడు ఒక్కటే కావాలి.

మంద్రతంత్రి గారు చెప్పిన మూడేసి అర్ధస్వరాల క్రమంతో మాత్రం నేను విభేదిస్తున్నాను. మొదటి రాత్రి ఒక మెట్టు, మూడో రాత్రి దాని పక్క మెట్టు రికార్డయితే, తేమ వల్లనో, మైకు రవ్వంత జరిగినందువల్లనో, పక్కపక్క స్వరాల రంగు మారుతుంది. స్వరశ్రేణి వాయించినప్పుడు అది ప్రతి మూడో మెట్టు దగ్గరా గతుకులా తగులుతుంది. అడుగు నుంచి పైకి వరుసగా వెళ్తే, మార్పు ఉన్నా అది రాత్రులు మారే రెండు మూడు చోట్లనే ఉంటుంది, అక్కడ నేను సర్దగలను.

మంద్రతంత్రి

ఆ కోణం నుంచి నేను ఆలోచించలేదు. మూడు రాత్రులూ ఖాయమైతే శబ్దశిల్పి గారి వరుస క్రమమే మేలు. రాత్రి మారే చోట ముందు రాత్రి చివరి మూడు మెట్లను మళ్ళీ ఒకసారి రికార్డు చేసుకుంటే, రెండు రాత్రుల తేడాను కొలవడానికి ఆధారం కూడా దొరుకుతుంది.

తొలిమెట్టు

నిన్న మందిరంలో మాకు రెండు గంటల పరీక్షా సమయం ఇచ్చారు. తెలిసిన విషయాలు మీ ముందు ఉంచుతున్నాను.

ఏసీ ఆపాక కూడా దగ్గరి మైకుల్లో సన్నని గునుగుడు పడింది. వేదిక పక్క గదిలోని ఒక విద్యుత్ పెట్టె నుంచి అది వస్తోందని వెతకగా తెలిసింది. మందిరం వారు దాన్ని రాత్రిళ్ళు ఆపడానికి అంగీకరించారు. ఆ తరువాత విన్న నిశ్శబ్దానికి, ముందు విన్నదానికి పోలికే లేదు. నిశ్శబ్దరాత్రి గారు హెచ్చరించకపోతే ఆ గునుగుడు 64 రెట్లై మా లైబ్రరీలో కూర్చునేది. నడుమ ఉన్న ఒక మెట్టును తీవ్రంగా నొక్కినప్పుడు ఎక్కడో జీర వినిపించింది. నోట్ల బల్ల అప్పటికే తీసివేశాము. చివరికి అది మూతను నిలిపే కర్ర కీలు అని తేలింది, ఒక చిన్న తోలు ముక్క అడ్డం పెడితే పోయింది.

సుత్తుల మీది మైకులను ఎడమ కుడిలుగా వింటే విశాలంగా ఉన్నాయి కాని, మోనోలో (ఒకే ఛానల్‌గా) కలిపితే కొన్ని నడిమి స్వరాలు కుంగిపోయాయి. రెండు మైకుల మధ్య దూరం తగ్గించి, ప్రతి మార్పు తరువాతా అన్ని స్వరశ్రేణులూ మోనోలో వింటూ పోతే, ఐదో ప్రయత్నానికి కుదిరింది. నేల మీద ప్రతి స్టాండు కాలి చుట్టూ గుర్తులు వేసి ఫొటోలు తీసుకున్నాము.

ఇప్పుడు మా నిర్ణయం: మూడు జతలనూ ఉంచుతాము, 12 స్థాయిలు, వరుస క్రమం, మృదువు నుంచి తీవ్రానికి, పెడల్‌తో 30 మెట్లకు నాలుగేసి స్థాయిలు. సుత్తులను పక్కకు జరిపి మూడు తంత్రులలో రెండింటినే తాకించే ఎడమ పెడల్‌ను ఈసారికి వదులుకుంటున్నాము. మనసుకు కష్టంగా ఉన్నా, దాన్ని అరకొరగా తీయడం కన్నా తీయకపోవడమే ఈ వాద్యానికి గౌరవమని అనిపించింది.

ఒక్క సందేహం మిగిలింది. దూరపు మైకులు పియానోకు మూడు మీటర్ల అవతల ఉన్నాయి, అక్కడికి ధ్వని దాదాపు 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతోంది. ఎడిటింగులో ప్రతి జతనూ దాని దాని మొదటి అల దగ్గర కత్తిరించాలా, లేక అన్నిటినీ ఒకే చోట కత్తిరించాలా?

శబ్దశిల్పి

అన్నిటినీ ఒకే చోట, దగ్గరి మైకుల మొదటి అలను బట్టి కత్తిరించండి. ఆ 9 మిల్లీసెకన్లు మైకు పియానోకు ఎంత దూరంలో ఉందో చెవికి చెప్పే సమాచారం. దాన్ని తీసివేస్తే దూరపు మైకు దగ్గరికి రాదు, కేవలం దాని అల దగ్గరి మైకు అలతో ఢీకొని రంగు మారుస్తుంది. దగ్గరి మైకులో కూడా అల మొదలైన చోటే కత్తి వేయకండి. సుత్తి తగలడానికి ముందు మెట్టు, దాని లోపలి యంత్రాంగం కదిలే చిరు సవ్వడి ఉంటుంది. దాన్ని పూర్తిగా కోస్తే స్వరం ప్రాణం లేనట్లు మొదలవుతుంది, పూర్తిగా ఉంచితే వాయించేవారికి స్వరం ఆలస్యంగా పలికినట్లు ఉంటుంది. నేను రెండు మూడు మిల్లీసెకన్లు ఉంచి, అన్ని మెట్లకూ, అన్ని స్థాయిలకూ అదే కొలత పాటిస్తాను. ఒక మెట్టుకు రెండు, మరో మెట్టుకు ఐదు ఉంటే, స్వరాలు కలిపి నొక్కినప్పుడు అవి కలిసి పలకవు. కత్తిరించని అసలు ఫైళ్ళను రెండు చోట్ల భద్రపరచండి. మొదటి రాత్రి ముగిశాక పది మెట్ల శాంపిళ్ళు పంపితే, రెండో రాత్రి మీరు లోపలికి వెళ్ళే లోపు వాటిని వాద్యంగా కూర్చి, పెడల్ తొక్కి వాయించి, ఏమి వినబడుతున్నదో ఇక్కడే రాస్తాను.

శ్రుతికర్త

ఆ పది మెట్లలో ఒకటి రెండు, ఒంటి తంత్రి నుంచి రెండు తంత్రులకు, రెండు నుంచి మూడుకు మారే చోట్లవి ఉండేలా చూడండి. స్వరపు రంగు సహజంగానే అక్కడ మారుతుంది. దాన్ని లోపమనుకుని శబ్దశిల్పి గారు చదును చేయకుండా ఉండాలంటే, అసలు వాద్యంలో అది ఎలా ఉందో వారి చెవికి ముందే తెలిసి ఉండాలి.